సేవ వేరు, వెట్టి వేరు

(పల్నాటి పల్లెలో ఒక సంఘం వార్షిక కూటంలో పెద్దలు, స్త్రీల సమాజం, యువకుల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడిన తీరునే ఉంచాం.)



ముందే ఒక మాట చెప్పుకుంటాను. నేను పాస్టర్ని కాను, ప్రసంగీకుణ్ణి అంతకన్నా కాను. కరపత్రాలు పంచుకుంటూ పేటలు తిరిగేవాణ్ణి. నన్ను పిలిచిన పెద్దలు, "సంఘంలో జీతం బత్తెం లేకుండా పనిచేసేవాళ్లకు ఈ రోజు సన్మానం పెట్టుకున్నాం, వచ్చి నాలుగు మంచిమాటలు చెప్పు" అన్నారు. వచ్చాను. బల్లమీద శాలువాలున్నాయి, స్టీలు గిన్నెలున్నాయి. సంతోషం. అయితే నేను పొద్దున్నే, ఎవరూ రాకముందే వచ్చాను. అప్పుడు ఒకమ్మ ఈ చాపలు పరుస్తోంది. ఈ రోజు శాలువా కప్పాల్సినవాళ్ల పట్టీలో ఆమె పేరు మూడోది. ఇప్పుడు చూస్తే ఆమె ఇక్కడ లేదు. ఎక్కడుందని అడిగితే వెనక వంట దగ్గరుందన్నారు. అంటే తన సన్మానం భోజనం తనే వండుతోంది!

ముందు ఆమెనూ, ఆమెతో ఉన్న అమ్మలనూ ఇక్కడికి పిలవండి. పొయ్యి దగ్గరికి ఇద్దరు మగపిల్లలు వెళ్లండి. అన్నం మాడితే మాడింది, తిందాం. వాళ్లు వచ్చి కూర్చునేదాకా నేను ఆగుతాను.

(చప్పట్లు. వంట దగ్గరున్న స్త్రీలు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.)

ఇప్పుడు మాట్లాడొచ్చు. ఎందుకంటే నేను చెప్పదలచుకుంది వీళ్లను గురించి మాత్రమే కాదు. వీళ్ల ముందు, మనందరి గురించి.

ఎవరి చేతులమీద నడుస్తోంది?

మన పేటలో చర్చి ఎవరు నడుపుతున్నారంటే పాస్టరుగారని అంటాం. లేదంటే కమిటీ అంటాం. ఒక్క ఆదివారం లెక్క తీద్దాం. తెల్లవారకముందే తాళం తీసి ఊడ్చేదెవరు? గంట కొట్టేదెవరు? నీళ్లు మోసేదెవరు? బల్లమీద గుడ్డ ఉతికి పరిచేదెవరు? ప్రభురాత్రి భోజనం గిన్నెలు తోమేదెవరు? పిల్లల్ని పోగుచేసి ఆదివారపు బడి చెప్పేదెవరు? డోలక్ వాయించేదెవరు? మైకు పాడైతే సొంత డబ్బుతో బాగుచేయించి తెచ్చేదెవరు? ఇల్లిల్లూ తిరిగి గుప్పెడు బియ్యం పోగుచేసేదెవరు? పేటలో మనిషి చనిపోతే రాత్రంతా కూర్చుని పాటలు పాడేదెవరు, శవానికి స్నానం చేయించేదెవరు, గుంట తవ్వేదెవరు? డిసెంబరు చలిలో వెదురుబద్దలతో నక్షత్రం కట్టి ఇల్లిల్లూ తిరిగేదెవరు?

ఇందులో ఒక్కదానికీ జీతం లేదు. చేసేవాళ్లు ఆసాములు కారు. పగలంతా పత్తికో మిరపకో పోయి వచ్చినవాళ్లు. మన ప్రాంతంలో మిరపకోతలూ సిలువ ధ్యానాలూ ఒకేసారి వస్తాయి. పగలు ఎండలో వంగి కాయలు కోసి, సాయంత్రం చేతులు మంట పెడుతుంటే ఆ చేతులతోనే వచ్చి చాపలు పరుస్తారు. ఈస్టరు తెల్లవారుజామున అందరికన్నా ముందు లేచేది వాళ్లే. ఆ రోజు కూలికి పోకపోతే పోయే డబ్బు కూడా వాళ్లదే. కానుక పట్టీలో ఆ డబ్బు ఎక్కడా రాయరు. కానుక పట్టీలో వంద రూపాయలేసిన ఆయన పేరు చదువుతారు. ఒక పూట కూలి పోగొట్టుకున్న ఆమె పేరు చదవరు. ఎవరు ఎక్కువ ఇచ్చినట్టు? ఇద్దరు కాసులు వేసిన విధవరాలి సంగతి మీకు నేను చెప్పాలా?

గుప్పెడు బియ్యం సంగతి పెద్దలకు తెలుసు. పొయ్యిమీద ఎసరు పెట్టేటప్పుడు కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తారు. వారానికి అది చర్చికి పోతుంది. బియ్యం ఎక్కువై తీసే గుప్పెడు కాదది. ఆ గుప్పెడు తగ్గితే ఆ పూట తగ్గేది అమ్మ కంచంలోనే. మన బోధకులు బతికింది ఆ గుప్పెళ్ల మీద. మన గుళ్లకు మొదటి గోడలు లేచింది ఆ గుప్పెళ్ల మీద.

ఆదివారం ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఈ పని గొప్పదని పొగిడి ఊరుకుంటే నేను ఇక్కడికి రావాల్సిన పనిలేదు. నా బాధ వేరు. దానికి కాస్త చరిత్రలోకి పోవాలి.

మన తాతముత్తాతలకు పని అంటే ఏమిటి? వెట్టి. ఊళ్లో చచ్చిన గొడ్డును లాగాలి, కబురు మోయాలి, జాతరకు డప్పు కొట్టాలి, దొడ్డి ఊడ్వాలి. అడగటానికి లేదు, ఆగటానికి లేదు, కూలి ఇంత అని లేదు. వెట్టికి గుర్తు ఏమిటంటే, దానికి 'చాలు' అనేది ఉండదు. చేసినవాడికి పేరుండదు. 'ఒరే' అని పిలిస్తే పలకాలి. కట్టుబానిసత్వాన్ని రద్దుచేస్తూ చట్టం వచ్చింది 1976లో. అప్పటికి ఎన్ని తరాల నడుములు విరిగాయో లెక్కలేదు.

ఈ వెట్టి మీద మన జిల్లాల్లో మొదటి దెబ్బల్లో ఒకటి ఎవరు కొట్టారో తెలుసా? ఒంగోలు ప్రాంతంలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఆయన, ఆయన భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ దొరగారు ఒంగోల్లో కాపురం పెట్టకముందే పేరయ్య తాను విన్నదాన్ని తన వాళ్లకు ఊరూరా చెప్పుకుంటూ తిరిగాడు. ఎవరూ నెలజీతం ఇచ్చి పంపలేదు. మన మాటల్లో చెప్పాలంటే ఆ ప్రాంతంలో సంఘానికి మొదటి వాలంటీరు ఆయనే. దొరసానులూ దొరలూ తర్వాత.

ఆ కొత్త విశ్వాసులకు క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడు. ఆదివారం పనికి పోవద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. పైకి ఇవి మతం కట్టుబాట్లు. ఊరి లెక్కలో చూడండి. ఆదివారం పనికి రానంటే వెట్టి ఒకరోజు ఆగినట్టే. జాతరకు డప్పు కొట్టనంటే ఊరి పెత్తనాన్ని కాదన్నట్టే. అందుకే కరణాలూ మునసబులూ భగ్గుమన్నారు. బావి దగ్గరికి రానివ్వలేదు, అంగట్లో సరుకు ఇవ్వనివ్వలేదు, దారిలో నడవనివ్వలేదు. ఈనాడు మనం సాంఘిక బహిష్కారం అంటున్నది అదే. అయినా మనవాళ్లు ఆదివారం వదల్లేదు.

అంటే ఆదివారం మనకు ఊరికే రాలేదు. దెబ్బలు తిని, పస్తులుండి గెలుచుకున్న సెలవు అది. మన ముత్తవ్వ జీవితంలో నడుం వాల్చిన మొదటి రోజు ఆదివారం.

ఇప్పుడు అడుగుతున్నాను. ఆ ముత్తవ్వ మనవరాలికి ఈ రోజు ఆదివారం సెలవుందా? మిగతా ఆరు రోజులు ఆసామి చేలో, ఏడోరోజు చర్చిలో పొద్దున్నించి రాత్రిదాకా. ఒక మాట లేదు, ఒక వంతు లేదు, ఒక విరామం లేదు. ముప్పై ఏళ్లు ఊడ్చిన ఆమెను "కాస్త ఆ మూల సరిగ్గా ఊడ్వలేదేం" అని అడిగేవాళ్లు పదిమంది. "అమ్మా, తిన్నావా" అని అడిగేవాళ్లు ఒక్కరు లేరు.

ఇష్టంతో చేసేది సేవ. ఇష్టమే గదా అని మనం ఇష్టమొచ్చినట్టు వాడుకుంటే అది వెట్టి. చేసేవాళ్ల మనసులో అది సేవగానే ఉండొచ్చు. చేయించుకునేవాళ్ల చేతుల్లో వెట్టిగా మారిపోతుంది. ఊరి వెట్టిని కాలదన్నిన పేటలో దేవుడి పేరుమీద మళ్లీ వెట్టి మొలవకూడదు. నా బాధ ఇదీ.

పేర్లు ఏమైపోయాయి?

ఇంకో సంగతి. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. మనుషులు పిట్టల్లా రాలిపోయారు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ పనిమీద మేస్త్రీలుగా నిలబడింది మన బోధకులు. తిండికోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని కరువు నెలల్లో బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మన పిల్లలకు కూడా తెలుసు. అయితే ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు. దొరగారి పేరు అందరికీ తెలుసు. ఆ ఆరుగురి పేర్లు ఈ సభలో ఎవరైనా చెప్పగలరా?

చెప్పలేరు. మన తప్పు కాదు, మనకు చెప్పలేదు. మెదక్ పెద్ద గుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. పోస్నెట్ దొర కరువులో తిండి పెట్టి ఆ పని చేయించాడని అందరం చెప్పుకుంటాం. మంచిదే. ఆ రాళ్లు తలమీద మోసిన అమ్మల పేర్లు ఏ రాతిమీదా లేవు. 1912లో అజరయ్యగారు దోర్నకల్ బిషపయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషపు. ఆయన గొప్పవాడే. ఆయన సంఘాలు నిలబడింది మాత్రం రాత్రి గుడ్డిదీపం దగ్గర అక్షరాలు దిద్దించిన ఉపదేశుల మీద, ఇల్లిల్లూ తిరిగిన బైబిలు స్త్రీల మీద. వాళ్ల పేర్లు అడగండి. మౌనమే.

ఇది ఎవరో మనకు చేసిన అన్యాయం అనుకుని ఊరుకోవద్దు. రేపు మన మనవళ్లు ఈ గుడి ముందు నిలబడి అడిగితే మనం ఏం చూపిస్తాం? శంకుస్థాపన రాయి చూపిస్తాం. రాయిమీద ఎమ్మెల్యే పేరుంటుంది, చందా ఇచ్చిన కాంట్రాక్టరు పేరుంటుంది. ఇసుక మోసిన స్త్రీల సమాజం పేరుంటుందా? నేను పొద్దున చూశాను. లేదు.

వాక్యం ఏం చెబుతోంది?

నేను వాక్యం చెప్పేవాణ్ణి కాదన్నాను గదా. అయినా మీ పుస్తకంలోంచే రెండు సంగతులు చెప్పి మీ నోటితోనే ఒప్పిస్తాను.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీయండి. సంఘంలో పరిచారకులు అనే ఏర్పాటు ఎలా మొదలైంది? ప్రార్థనలో మొదలవలేదు, కొట్లాటలో మొదలైంది. రోజూ పంచే తిండిలో గ్రీకుభాష మాట్లాడే విధవరాళ్లకు సరిగ్గా అందటంలేదు, హెబ్రీయుల విధవరాళ్లకే అందుతోంది. అంటే పంక్తిలో భేదం! మనకు తెలియని సంగతా అది? విడి గ్లాసుల సంగతి తెలిసినవాళ్లం మనం. వాళ్లు సణిగారు. సణిగినందుకు అపొస్తలులు ఏమన్నారు? "విశ్వాసులై ఉండి సణుగుతారా" అని నోరు మూయించారా? లేదు. ఏడుగుర్ని ఏర్పరచుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లు చదవండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో ఆ పక్షంవాళ్ల చేతికే గరిటె ఇచ్చారు, పెత్తనం కూడా ఇచ్చారు. మనమేం చేస్తున్నాం? గరిటె ఆడవాళ్లకిచ్చి పెత్తనం మగవాళ్లం ఉంచుకున్నాం.

రెండోది. రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయం. వట్టి పేర్ల పట్టీ గదా అని మనం చదవకుండా దాటేస్తాం. పౌలు అక్కడ ఒక్కొక్కర్నీ పేరుపెట్టి తలుస్తాడు. మరియ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు. అందరూ ఆడవాళ్లే, కష్టపడి పనిచేశారని చెబుతాడు. అందరికన్నా ముందు ఫీబేను గురించి చెబుతాడు. ఆమె మంచిదని చెప్పి ఊరుకోడు. ఆమెకు ఏది అవసరమైతే ఆ సాయం చేయమని సంఘానికి చెబుతాడు. మెప్పు ఒక చేత్తో, సాయం ఇంకో చేత్తో. మనం మొదటి చెయ్యే చాపుతున్నాం, అదీ ఏడాదికొకసారి, శాలువా రూపంలో.

కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టవద్దని ధర్మశాస్త్రంలోనే ఉంది. కళ్లం అంటే ఏమిటో, చిక్కం అంటే ఏమిటో మనకన్నా బాగా ఎవరికి తెలుసు? ఆసామి కళ్లంలో మన నోటికి చిక్కం కట్టాడని పోరాడేవాళ్లం, మన గుడి కళ్లంలో మన ఆడవాళ్ల నోటికి కట్టిన చిక్కం విప్పొద్దా?

చర్చి, పోరాటం వేరు కాదు

మా ఉద్యమంలో కొందరంటారు, చర్చి పనితో మనకేం పని, అది మనల్ని నిద్రపుచ్చేది అని. అంబేడ్కర్ బాబా కూడా నిలదీశారు. మతం మారిన అంటరానివాళ్ల వెంట కులం కూడా లోపలికి వచ్చిందని, మారినవాళ్లు తమ మీద జరుగుతున్న అన్యాయం మీద తిరగబడటం లేదని రాశారు. ఆ ప్రశ్న ఈనాటికీ మన నెత్తిమీద ఉంది. మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి కట్టుకున్నవాళ్లం మనం. కొన్నిచోట్ల పెద్దకులాల క్రైస్తవుల సమాధులు వేరు, మనవి వేరు. ఇది దాచుకుంటే దాగేది కాదు.

కాని ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. 1985 జూలైలో కారంచేడులో చెరువు నీళ్లు పాడుచేయొద్దని అడ్డంపడి బిందె ఎత్తిన మాదిగ ఆడబిడ్డ పేరేమిటి? మున్నంగి సువార్త. జూలై 17న ఊరు మీద పడి ఆరుగుర్ని చంపారు. తర్వాత చంపేసిన సాక్షి పేరేమిటి? అలీసమ్మ. ఈ పేర్లు ఎక్కడివి? ఏ ఆదివారపు బడిలో, ఏ బైబిలు స్త్రీ ఒడిలో పెట్టిన పేర్లివి? కారంచేడు వదిలి వచ్చినవాళ్లు చీరాలలో చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడే శిబిరం లేచింది. అక్కణ్ణుంచే రాష్ట్రమంతా కదిలింది. శిబిరం అంటే ఉపన్యాసాలు మాత్రమే కాదు. వేలమందికి పొయ్యి వెలగాలి, నీళ్లు రావాలి, బాలింతకు చోటు కావాలి, ఏడ్చేవాళ్ల పక్కన కూర్చునే మనిషి కావాలి. ఆ పని చేయడం ఎవరికి తెలుసు? ఏళ్ల తరబడి గుడిలో చాపలు పరిచిన చేతులకు తెలుసు.

అందుకే చెబుతున్నాను. ఈ అమ్మల పని చిన్నపని కాదు. పేటను పేటగా నిలబెట్టే పని. దీన్ని చులకన చేస్తే చర్చీ ఉండదు, ఉద్యమమూ ఉండదు.

నా తప్పు

ఇంతసేపు మిమ్మల్ని అడిగాను. ఇప్పుడు నా సంగతి చెప్పకపోతే న్యాయం కాదు.

మా పేటలో ఒక పెద్దమ్మ ఉండేది. నాకు వరసకు పెద్దమ్మ కాదు, పేటంతా అలాగే పిలిచేవాళ్లం. చర్చి తాళంచెవి ఆమె కొంగున ఉండేది. ఊడ్చేది, గంట కొట్టేది, మా చేత పాటలు పాడించేది. చదువు రాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు డెబ్బయి ఎనభై నోటికి వచ్చు. నాకు మొదటి తాళం నేర్పింది ఆమే. ఒక ఏడాది క్రిస్మస్ ముందు మూడు ఆదివారాలు గంట మోగలేదు. నేనప్పుడు యువజన సంఘం కార్యదర్శిని. నేనేం చేశానో తెలుసా? తాళంచెవి తీసుకురమ్మని ఒక పిల్లవాణ్ణి పంపాను. వాడు తెచ్చాడు. మేము గుడి తెరుచుకున్నాం, రంగుకాగితాలు కట్టుకున్నాం, నాటకం వేసుకున్నాం. ఆమె ఎందుకు రాలేదని నేను అడగలేదు. తాళంచెవి తెచ్చిన పిల్లవాణ్ణి కూడా "పెద్దమ్మ ఎట్లా ఉందిరా" అని అడగలేదు.

జ్వరంతో మంచంలో ఉంది. సంక్రాంతి దాటలేదు. సమాధి దగ్గర నేనే మాట్లాడాను, నమ్మకమైన దాసురాలు అని. చాలా బాగా మాట్లాడానన్నారు. ఇంటికొచ్చాక మా అమ్మ ఒక్కటే మాట అంది. "బతికుండగా ఒక ముద్ద తీసుకుపోయుంటే సరిపోయేది గదరా." అప్పట్నించి సన్మాన సభ అంటే నాకు గుండెలో ముల్లు కదులుతుంది. ఆ ముల్లుతోనే ఇక్కడ నిలబడ్డాను.

పేరు చెప్పేముందు అడగండి

పేర్లు చెప్పాలన్నాను. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాడు ఎస్సీ కాదంది. 1956లో సిక్కులను కలిపారు, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. మనల్ని బీసీ-సీలో పడేశారు. 2004లో ఈ సంగతి సుప్రీంకోర్టుకు పోయింది. మతాన్నీ ఎస్సీ హోదానూ ముడిపెట్టొద్దని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో ఇంకో కమిషన్ వేశారు. 2025లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పదేళ్లుగా పాస్టరుగా చేస్తున్న మనిషికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని చెప్పి ఆయన పెట్టిన కేసు కొట్టేసింది. కులం పేరుతో తిట్టేవాడు నీ మతం అడిగి తిట్టడు. చట్టం మాత్రం అడుగుతోంది.

దీనివల్ల ఏమవుతోంది? ఆదివారపు బడి చెప్పే చెల్లెలు పోస్టరు మీద తన ఫొటో వేస్తామంటే భయపడుతోంది. తమ్ముడి స్కాలర్షిప్పు పోతుందేమో, సర్టిఫికెట్టు మీద ఎవడైనా అర్జీ పెడతాడేమో అని. ఆ భయాన్ని విశ్వాసం లేకపోవడం అనొద్దు. కడుపు కోసం పడే భయమది. కాబట్టి ఫ్లెక్సీ వేసేముందు, ఫోన్లలో ఫొటోలు పెట్టేముందు ఆమెను అడగండి. వద్దంటే సంఘం లోపల, నోటితో చెప్పండి. మెచ్చుకోవడం పేరుమీద మన మనిషి మెడకు ఉరి తగిలించొద్దు. ఆ ఉత్తర్వు మీద పోరాటం మాత్రం మనందరిదీ. ఊడ్చే ఆమె ఒక్కదాని మీద ఆ బరువు పెట్టకూడదు.

ఏం చేద్దాం?

ఇక పని మాటలు. కమిటీవారు రాసుకోండి.

ఒకటి. వంతులు పెట్టండి. ఊడ్వటం, చాపలు, గిన్నెలు, వంట, ఇంటింటికీ వంతు. ఆ వంతులో మగవాళ్లుండాలి, పెద్దల కొడుకులుండాలి, ఉద్యోగస్తులుండాలి. ప్రభువే నడుముకు తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడు. మన కమిటీ అధ్యక్షులవారు చీపురు పట్టుకుంటే పరువు పోతుందా?

రెండు. ప్రతి మనిషికీ నెలలో ఒక ఆదివారం పూర్తిగా సెలవు. ఆ రోజు ఆమె వచ్చి, కూర్చుని, వాక్యం విని వెళ్లిపోవాలి. ఇన్నేళ్లలో ఒక్క ప్రసంగమైనా మొదటినుంచి చివరిదాకా కూర్చుని విన్నారా అని ముందు వరసలో ఉన్న అమ్మల్ని అడగండి.

(స్త్రీలలో నవ్వులు.)

నవ్వుతున్నారంటే వినలేదనే గదా!

మూడు. చేతి ఖర్చులు. పిల్లల బడికి పలకలు, సుద్దముక్కలు, ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూడబోతే బస్సు చార్జీ, మైకు రిపేరు. ఇవి వాళ్ల కూలి డబ్బులోంచి పోకూడదు. కానుకల్లోంచి మొదట ఇవి తీసి పక్కన పెట్టండి. గోడలకు రంగు వచ్చే ఏడాది వేసుకోవచ్చు. సేవచేసేవాళ్లకు జీతం ఇవ్వమని నేననటం లేదు. సేవ చేసినందుకు నష్టపోకూడదు అంటున్నాను.

నాలుగు. రోగం వచ్చినా చావు వచ్చినా ఆదుకోవడానికి ఒక డబ్బా. గుప్పెడు బియ్యంలో కొంత భాగం, క్రిస్మస్ కానుకలో కొంత భాగం అందులో వేయండి. లెక్క ఆడవాళ్ల చేతిలో ఉండాలి. ఒక ఆదివారం మనిషి కనబడకపోతే సాయంత్రానికి ఒకరు ఆ ఇంటికి వెళ్లాలి. తాళంచెవి కోసం కాదు, మనిషి కోసం.

ఐదు. కమిటీలో చోటు. సగం మంది ఆడవాళ్లుండాలి. సంతకం పెట్టే ఆడవాళ్లు కావాలి, కూర్చోబెట్టే బొమ్మలు కాదు. చదువు రాదంటారా? డెబ్బయి కీర్తనలు నోటికి వచ్చినావిడకు జమాఖర్చు రెండు నెలల్లో వస్తుంది. యువకులు నేర్పండి. ఆమె మీకు తాళం నేర్పలేదా?

ఆరు. ఒక పుస్తకం పెట్టండి. ఈ గుడి కట్టిన రోజు నుంచి ఎవరెవరు ఊడ్చారు, ఎవరు గంట కొట్టారు, ఎవరు గుంటలు తవ్వారు, ముసలివాళ్లు బతికుండగానే అడిగి రాయండి. ఫలానావాడి పెళ్లాం, ఫలానావాడి తల్లి అని కాదు, ఆమె పేరు రాయండి. ఆ పుస్తకం సంఘం దగ్గరే ఉండనివ్వండి. మన చరిత్ర ఎవరో దొర వచ్చి రాస్తాడని ఇంకా ఎదురుచూడొద్దు.

అమ్మలారా, చివరిగా మీతో ఒక మాట. మీరు చేసే పనికి విలువ కట్టటానికి నేను చాలను. కాని మీకు కూడా ఒక హక్కుంది. "ఈ వారం నాకు చేతకాదు" అని చెప్పే హక్కు. అలా చెప్పినంత మాత్రాన విశ్వాసం తగ్గదు. ఏలీయా అంతటి ప్రవక్త అలసిపోయి చెట్టుకింద పడుకుని ఇక చావే మేలన్నాడు. దేవుడు ఆయన్ని తిట్టలేదు. పడుకోనిచ్చాడు. రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. ఆ తర్వాతే ప్రయాణం చెప్పాడు. ఆ పాటి దయ మనం ఒకరిమీద ఒకరం చూపించుకోలేమా?

శాలువాలు కప్పండి, కాదనను. కప్పేటప్పుడు ఆమె కళ్లలోకి చూసి పేరు పెట్టి పిలవండి. ఆ తర్వాత ఆమె చేతిలో చీపురుంటే తీసుకోండి. భోజనాల దగ్గర ఈ రోజు వీళ్లు ముందు కూర్చుంటారు, మనం వడ్డిద్దాం. ఎంగిలి విస్తళ్లు కూడా మనమే తీద్దాం. నేను మొదలుపెడతాను, కార్యదర్శిగారు నా వెనక వస్తారు.